పిలవలేదని అలిగిన గోత్రం

తిరుపతి నుంచి చెన్నై వైపు వెళ్లే బస్సు రేణిగుంట దాటి వడమాలపేటలో ఆగిందనుకోండి. ఎక్కేవాళ్ల మాటలు వింటే చాలు, ఎవరిది ఏ ఊరో సగం తెలిసిపోతుంది. ‘యాడికి పోతా ఉండావప్పా?’ అని అడిగితే ఆయన ఈ చుట్టుపక్కల మనిషే. ‘ఎక్కడికండీ వెళ్లేది?’ అంటే ఆవిడ తిరుమల కొండ దిగి, అప్పలాయగుంట స్వామినీ చూసుకుపోదామని వచ్చిన కోస్తా యాత్రికురాలు. పుత్తూరు కట్టు కోసం చెయ్యి మెడకు వేలాడేసుకుని తమిళనాడు నుంచి వచ్చినవాళ్ల మాట మరోలా ఉంటుంది. అసలు ఊరి పేరులోనే తమిళం వినిపిస్తుంది. ‘వడమలై’ అంటే తమిళంలో ఉత్తరపు కొండ. తిరుమలను వాళ్లు అలా కూడా పిలుస్తారు.

పొలంలో పండేది ఒకటే పంట. చిత్తూరు సీమలో దాన్ని చెనిక్కాయలంటారు. కర్నూలు వైపు బుడ్డలంటారు. గుంటూరుకెళితే వేరుశనక్కాయలు. మాట తేడా వస్తే ఎదుటివాళ్లు మహా అయితే నవ్వుతారు. ‘షాపు’ను ‘సాపు’ అన్న పల్లెటూరి కుర్రాణ్ని బళ్లో నలుగురూ ఆటపట్టిస్తారు. వాడు నాలుగు రోజులు చిన్నబుచ్చుకుని తర్వాత మరచిపోతాడు.

కానీ ‘ష’ పలకలేక ‘స’ అన్నందుకు వేలమంది ప్రాణాలు పోగొట్టుకున్న కథ ఒకటి బైబిల్లో ఉంది. ఆ పోయినవాళ్లది ఎఫ్రాయిము గోత్రం. ఇశ్రాయేలు గోత్రాల్లో అందరికన్నా ముందు నిలిచిందీ, అందరికన్నా తొందరగా అలిగిందీ, చివరికి ఆనవాలు లేకుండా పోయిందీ ఆ గోత్రమే. విచిత్రమేమిటంటే, ఆ గోత్రం తమదేనంటున్నవాళ్లు మన గుంటూరు జిల్లాలోనే ఉన్నారు!

తాత చేతులు అడ్డంగా...

ఇంతకీ ఎవరీ ఎఫ్రాయిము? యాకోబుకు పన్నెండుమంది కొడుకులు. ఒక్కొక్కరి సంతతిని తెలుగు బైబిల్లో ‘గోత్రము’ అన్నారు. మనకు తెలిసిన భరద్వాజ, కౌండిన్య గోత్రాల్లాంటివి కావివి. ఒక్కోదానికి సొంత భూమి, సరిహద్దు, పెద్దలు, యుద్ధం వస్తే కదిలే సైన్యం ఉండేవి. కొడుకుల్లో ఒకడైన యోసేపును అన్నలే అమ్మేస్తే ఐగుప్తు చేరి, అక్కడ పెద్ద అధికారి అయ్యాడు. అక్కడే అతనికి ఇద్దరు కొడుకులు పుట్టారు. పెద్దవాడు మనష్షే, చిన్నవాడు ఎఫ్రాయిము. మనష్షే పేరులో మరపు ఉంది, అంటే పడ్డ కష్టాలను మరిపించినవాడని. ఎఫ్రాయిము పేరులో ఫలం ఉంది, అంటే పరాయి దేశంలో ఫలించేలా చేసినవాడని.

చూపు మందగించిన ముసలి యాకోబు చివరి రోజుల్లో ఈ ఇద్దరు మనవళ్లనూ కొడుకులతో సమానంగా స్వీకరించాడు. దీవించడానికి దగ్గరికి పిలిచాడు. యోసేపు పద్ధతి ప్రకారం పెద్దవాణ్ని తాత కుడిచేతి వైపు, చిన్నవాణ్ని ఎడమచేతి వైపు నిలబెట్టాడు. ముసలాయన చేతులు రెండూ అడ్డంగా మార్చి, కుడిచేతిని చిన్నవాడి తలమీద పెట్టాడు! చూపు ఆనక పొరబడ్డాడేమోనని యోసేపు ఆ చెయ్యి తీయబోయాడు. తాత ఒప్పుకోలేదు. తెలిసే చేశాననీ, చిన్నవాడే పెద్దవాణ్ని మించిపోతాడనీ తేల్చి చెప్పాడు.

ఆస్తి పంపకంలో గానీ, తలకొరివి పెట్టడంలో గానీ పెద్దకొడుకుకే మొదటి హక్కు అనుకునే ఇళ్లలో ఈ కథ వింటే ఇప్పటికీ ఎవరో ఒకరు కనుబొమలు ముడుస్తారు. ఎఫ్రాయిము స్వభావమంతటికీ విత్తనం ఇక్కడే పడింది. అడగకుండానే ముందువరస దొరికినవాడికి, ఆ తర్వాత ఎక్కడైనా వెనకవరస ఇస్తే తట్టుకోవడం కష్టమే కదా!

పెత్తనం వచ్చింది, దాంతో పాటు అలకా...

నిజం చెప్పాలంటే ఎఫ్రాయిముకు గొప్ప చెప్పుకొనే హక్కు ఉంది. మోషే తర్వాత జనాన్ని నడిపించి కనాను దేశంలో నిలబెట్టిన యెహోషువ ఆ గోత్రంవాడే. దేశం నడిబొడ్డున ఉన్న కొండసీమ వాళ్ల వాటాకు వచ్చింది. తెలుగు బైబిల్ దాన్ని ‘ఎఫ్రాయిము మన్యము’ అంటుంది. పన్నెండు గోత్రాలకూ పుణ్యస్థలమైన గుడారం నిలిచిన షిలోహు ఆ మన్యంలోనిదే. ఖర్జూర చెట్టు కింద కూర్చుని తీర్పులు చెప్పిన దెబోరా అనే స్త్రీ ఉన్నదీ అక్కడే. అంటే నాయకుడు, గుడి, న్యాయస్థానం... మూడూ ఒకే ఇంట్లో ఉన్నట్టు!

కానీ ఆ గోత్రంవాళ్ల నోట తరచూ ఫిర్యాదే వినబడుతుంది. భూములు పంచినప్పుడు యోసేపు సంతతివాళ్లు తమకిచ్చింది చాల్లేదన్నారు. సొంత గోత్రంవాడే అయిన యెహోషువ వాళ్లను వెనకేసుకురాలేదు. అంత పెద్దవాళ్లయితే ఎదురుగా కనిపిస్తున్న అడవి నరికి సాగు చేసుకోండని పంపేశాడు.

మరోసారి, మనష్షే గోత్రపు గిద్యోను శత్రువుల మీదికి పోయి గెలిచాడు. మెచ్చుకోవాల్సింది పోయి ఎఫ్రాయిమువాళ్లు ‘మమ్మల్నెందుకు పిలవలేదు?’ అంటూ పోట్లాటకొచ్చారు. గిద్యోను తెలివైనవాడు. తమ ఊరు కోసిన మొత్తం ద్రాక్షపంట కన్నా మీ ఊరి పరిగె ఏరుకున్న పళ్లే మిన్న కాదా అన్న ధోరణిలో మాట్లాడి చల్లబరిచాడు.

పెళ్లిళ్లలో ఇలాంటి పెద్దమనిషి ప్రతి ఇంటికీ ఒకరుంటారు. శుభలేఖ పోస్టులో పంపారనీ, బొట్టుపెట్టి పిలవలేదనీ మండపం బయటే నిలబడిపోతారు. చాకచక్యం ఉన్న పెళ్లికొడుకు తండ్రి ఎదురెళ్లి చెయ్యి పట్టుకుని, ‘నువ్వు లేకపోతే ఈ పెళ్లెక్కడిది బావా!’ అంటే చాలు. అలక పోతుంది. ఆ మాట అనేవాళ్లు లేకపోతే రెండు కుటుంబాల మధ్య పదేళ్లు రాకపోకలుండవు.

ఎఫ్రాయిముకు రెండోసారి ఆ మాట అనేవాడు దొరకలేదు. యొర్దాను నదికి అవతల గిలాదు సీమలో యెఫ్తా అనే నాయకుడు ఇంకో యుద్ధం గెలిచాడు. ఎఫ్రాయిమువాళ్లు నది దాటి వెళ్లి మళ్లీ అదే అడిగారు... పిలవలేదేమని. ఈసారి ఇల్లు తగలబెడతామని కూడా బెదిరించారు. యెఫ్తా తక్కువవాడు కాదు. సవతి అన్నదమ్ములు ఇంట్లోంచి గెంటేస్తే పైకొచ్చినవాడు. ‘మిమ్మల్ని పిలిచాను, మీరే రాలేదు’ అన్నాడు. మాట మాట పెరిగి కత్తులు లేచాయి.

ఓడిపోయిన ఎఫ్రాయిమువాళ్లు ఇళ్లకు పోవాలంటే నది దాటాలి. రేవులన్నీ గిలాదువాళ్లు కాపు కాశారు. వచ్చిన ప్రతివాణ్నీ ‘షిబ్బోలెతు’ అనమన్నారు. హెబ్రీ భాషలో ఆ మాటకు ధాన్యపు వెన్ను అనే అర్థం ఉంది. చిత్తూరు మనిషిని చెనిక్కాయలనమన్నట్టే, రోజూ నోట్లో ఆడే రైతుమాట! ఎఫ్రాయిము నాలుక మీద ‘ష’ పలకదు. ‘సిబ్బోలెతు’ అన్నవాణ్ని అన్నట్టే రేవులో నరికేశారు. మొత్తం 42 వేలమంది పోయారని బైబిల్ లెక్క. ఇరువైపులవాళ్లూ ఒకే తాత మనవళ్లే.

ఇది పాతకాలపు కథే కదా అనుకోవడానికి లేదు. 1983 జులైలో శ్రీలంకలో అల్లరిమూకలు బస్సులు ఆపి ప్రయాణికులతో ‘బాల్దియ’ అనే మాట పలికించాయి. సింహళంలో బక్కెట్‌కు ఆ పేరు. మాట మొదట్లో ‘బ’ సరిగా పలకనివాళ్లు తమిళులని పోల్చుకుని చంపారు. మనిషి ఎవరో నాలుకతో తేల్చే ఆ పరీక్షకు ఇంగ్లిషులో ఇప్పటికీ ‘షిబ్బోలెత్’ అనే పేరు.

ఇల్లు చీలింది, జాడ పోయింది

ఇంత జరిగినా ఎఫ్రాయిము పెత్తనం తగ్గలేదు. సొలొమోను రాజు కాలంలో యోసేపు సంతతి చేసే వెట్టిపనికి పర్యవేక్షకుడిగా యరొబాము అనే ఎఫ్రాయిము యువకుడు ఉండేవాడు. సొలొమోను పోయాక జనం పని భారం తగ్గించమని కొత్త రాజును వేడుకున్నారు. ఆయన ఇంకా పెంచుతానన్నాడు. క్రీస్తుపూర్వం 930 ప్రాంతంలో పది గోత్రాలు విడిపోయి యరొబామును రాజును చేసుకున్నాయి. ఆ ఉత్తర రాజ్యాన్ని ప్రవక్తలు చాలాచోట్ల ‘ఎఫ్రాయిము’ అనే పిలిచారు. ఒక గోత్రం పేరే రాజ్యం పేరైంది.

హోషేయ ప్రవక్త ఆ రాజ్యాన్ని తిరగెయ్యకుండా కాల్చిన రొట్టెతో పోల్చాడు. పెనం మీద అట్టు పోసి మరచిపోయిన ఏ ఇల్లాలికైనా ఆ మాట అర్థమవుతుంది. ఒకవైపు మాడిపోతుంది, రెండోవైపు పచ్చిగా ఉంటుంది.

క్రీస్తుపూర్వం 722 ప్రాంతంలో అష్షూరు సైన్యాలు రాజధాని షోమ్రోనును పట్టుకున్నాయి. అక్కడి నుంచి 27 వేలమందికి పైగా తరలించానని అష్షూరు రాజు రెండో సర్గోను తన శాసనాల్లో చెక్కించుకున్నాడు. వాళ్లను తీసుకెళ్లి దూరదేశాల్లో చెల్లాచెదురుగా కాపురం పెట్టించారు. కొందరు దక్షిణానికి పారిపోయి యూదాలో కలిసిపోయారు. ఇంకొందరు ఉన్నచోటే ఉండిపోయారు. పోయినవాళ్లు మాత్రం గోత్రాలుగా మళ్లీ తిరిగి రాలేదు. ‘తప్పిపోయిన పది గోత్రాలు’ అనే మాట అలా పుట్టింది. అప్పటి నుంచి ప్రపంచంలో ఏదో ఒక మూల ఎవరో ఒకరు ‘వాళ్లం మేమే’ అంటూనే ఉన్నారు.

చేబ్రోలు దగ్గర ఒక శనివారం

గుంటూరు జిల్లా చేబ్రోలు అనగానే చతుర్ముఖ బ్రహ్మ గుడి గుర్తొస్తుంది. ఆ పక్కనే కొత్తరెడ్డిపాలెం. అక్కడ కొన్ని పదుల కుటుంబాలు శుక్రవారం సూర్యాస్తమయానికి దీపాలు వెలిగించి విశ్రాంతిదినం మొదలుపెడతాయి. శనివారం చిన్న ప్రార్థనామందిరంలో తలలు కప్పుకుని కొంత హెబ్రీలో, కొంత తెలుగులో ప్రార్థిస్తాయి. ఒకరినొకరు ‘షబ్బాత్ షాలోం’ అని పలకరించుకుంటారు. పలకరింపులో రెండు ‘ష’లు! వాళ్లు తమను ‘బెనె ఎఫ్రాయిం’, అంటే ఎఫ్రాయిము సంతతి అంటారు.

వీళ్లలో ఎక్కువమంది మాదిగ కుటుంబాలవాళ్లు. ముత్తాతల కాలంలో క్రైస్తవంలోకి వెళ్లిన ఇళ్లు. గుంటూరులో లూథరన్ మిషన్ 1842లో మొదలైంది. కరవుకాలంలో, 1878 జులై 3న ఒంగోలు బాప్టిస్టు మిషన్ ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చింది. వడమాలపేట వైపు సీమలో జర్మనీ నుంచి వచ్చిన హెర్మన్స్‌బర్గ్ మిషన్ 1865లో సూళ్లూరుపేటలో పని ప్రారంభించింది. తిరుపతి కేంద్రంగా ఉన్న సౌత్ ఆంధ్ర లూథరన్ చర్చికి మూలం అదే. అలా బైబిల్ పేర్లు తెలుగు పల్లెల్లోకి వచ్చాయి. ఊరి చివర గుడిసెలో పుట్టిన పిల్లవాడికి ఏలియా, దావీదు, ఎఫ్రాయిము అని పేరు పెట్టుకోవడం తల్లిదండ్రులకు గొప్ప ధైర్యం. పెత్తందారు ‘ఒరే’ అని పిలిచినా, రాసుకోవడానికి రాజు పేరో ప్రవక్త పేరో ఉంది కదా!

కొత్తరెడ్డిపాలెంవాళ్లు పేరుతో ఆగలేదు, వంశమే తమదన్నారు. క్రైస్తవ బోధకుడిగా ఉన్న ష్ముయేల్ యాకోబీ 1980ల్లో ఇజ్రాయెల్ వెళ్లొచ్చాక ఈ మార్గం పట్టాడు. 1991లో ప్రార్థనామందిరం వెలిసింది. అతని తమ్ముడు సదోక్ యాకోబీ అక్కడి సమాజాన్ని నడిపించాడు. అష్షూరు చెర నుంచి పర్షియా, అఫ్గానిస్తాన్ మీదుగా ఉత్తర భారతానికీ, అక్కడి నుంచి తెలుగు నేలకూ తమ పూర్వికులు వచ్చారన్నది వాళ్లు చెప్పుకొనే కథ. గొడ్డుమాంసం తినడంలాంటి తమవాళ్ల పాత అలవాట్లలో ఇశ్రాయేలు జాడలున్నాయని వాళ్ల వాదన. ఊరు ఏ తిండిని చూసి దూరం పెట్టిందో, అదే తమ వంశానికి గుర్తు అంటున్నారన్నమాట.

దీన్ని నిరూపించే శాసనం గానీ, పాత రాతప్రతి గానీ లేదు. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ అనే ఇద్దరు పరిశోధకులు వీళ్ల మధ్య తిరిగి అధ్యయనం చేసి 2013లో ఇంగ్లిషులో పుస్తకం ప్రచురించారు. వీళ్ల కథను కులం నుంచి విడదీసి చూడలేమన్నది ఆ పుస్తకం పేరులోనే ఉంది.

కులం మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతి. కొత్తరెడ్డిపాలెంలో మందిరం వెలిసిన మూడేళ్లకు, 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ దండోరా మొదలైంది. ఊరు తిట్టుగా వాడిన మాటను మంద కృష్ణ లాంటివాళ్లు తమ పేరు చివర బిరుదులా తగిలించుకున్నారు. ఒకే దశాబ్దంలో, ఇరుగుపొరుగు జిల్లాల్లో, ఒకే అవమానానికి రెండు జవాబులు. ఒకరు ఉన్న పేరునే తలెత్తి చెప్పారు. ఇంకొకరు అంతకన్నా పాత పేరు వెతుక్కున్నారు.

రెండో దారి చవకైనదేమీ కాదు. రోజుకూలి మీద బతికే ఇంట్లో శనివారం పని మానడమంటే ఆ రోజు కూలి వదులుకోవడమే. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకు పరిమితం. 1956లో సిక్కులకూ, 1990లో బౌద్ధులకూ దాన్ని వర్తింపజేశారు. యూదుల పేరు అందులో లేదు. అంటే గుండెలో ఉన్న మాట కాగితం మీద రాయిస్తే పిల్లల చదువుకూ ఉద్యోగానికీ అందే ఆసరా పోతుంది. రాయించకపోతే ‘మీరు యూదులని రుజువేది?’ అని అడుగుతారు. రేవులో నిలబెట్టి మాట పలికించినట్టే!

ఈసారి అన్నకే కుడిచెయ్యి

ఇక్కడే కథ ఇంకో మలుపు తిరిగింది. మణిపూర్, మిజోరం కొండల్లో కుకీ, మిజో జాతులకు చెందిన కొందరు తాము మనష్షే సంతతి అంటారు. వాళ్ల పేరు ‘బ్నెయి మెనషె’. అంటే గుంటూరువాళ్లకు వరసకు అన్నలు! 2005లో ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీల్లో ఒకరైన ష్లోమో అమార్ వాళ్లను ఇశ్రాయేలు సంతతిగా గుర్తించారు. లాంఛనంగా మతస్వీకారం మాత్రం చేయాలన్నారు. ఆ తర్వాత వేలమంది వెళ్లి స్థిరపడ్డారు. మిగిలిన సుమారు 5,800 మందినీ 2030 నాటికి తీసుకెళ్లే ప్రణాళికకు ఇజ్రాయెల్ ప్రభుత్వం 2025 నవంబరులో ఆమోదం తెలిపింది.

ఎఫ్రాయిము పేరు పెట్టుకున్నవాళ్లకు అలాంటి గుర్తింపు రాలేదు. అమెరికాలోని ‘కులాను’ లాంటి యూదు సంస్థలు వచ్చి పలకరించాయి, కొంత నేర్పాయి. అంతవరకే. అప్పుడు తాత చేతులు అడ్డంగా మార్చి తమ్ముణ్ని ముందుకు తెచ్చాడు. ఇప్పుడు చేతులు మళ్లీ మారాయి. అన్నకు పిలుపొచ్చింది, తమ్ముడు గుమ్మంలో నిలబడ్డాడు.

పాత ఎఫ్రాయిమైతే ఏం చేసేవాడో తెలిసిందే... నది దాటిపోయి ‘మమ్మల్నెందుకు పిలవలేదు?’ అని తగాదా పెట్టుకునేవాడు. చేబ్రోలు పక్కన ఉన్నవాళ్లు అలా అలగలేదు. పిలిచినా పిలవకపోయినా శుక్రవారం సాయంత్రం దీపం వెలిగిస్తున్నారు. పిల్లలకు అక్షరాలు దిద్దిస్తున్నారు. వాళ్ల వంశం నిజమా కాదా అన్నది చరిత్రకారులు తేల్చుకునే విషయం. ఒక పేరు కోసం ఒకరోజు కూలి వదులుకునేవాడి పట్టుదల మాత్రం నిజం.

ఆ పాత గోత్రం మిగిల్చిన పాఠం ఇద్దరికీ వర్తిస్తుంది. పిలుపు రాలేదని అలిగేవాడు ఎంత గొప్ప ఇంటివాడైనా చివరికి ఒంటరవుతాడు. అలాగే, గుమ్మంలో నిలబడ్డవాణ్ని చూసి ‘నువ్వెవరు? ఏదీ, ఈ మాట పలుకు’ అని అడిగే ఇల్లు ఎంత పెద్దదైనా చిన్నబోతుంది. గిద్యోనుకు తెలిసిందీ, యెఫ్తాకు తెలియనిదీ అదొక్కటే. చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకురావడానికి ఒక్క మంచిమాట చాలు.

వడమాలపేట బస్సులో ‘సాపు’ అన్నవాడూ, ‘షాపు’ అన్నవాడూ ఒకే సీట్లో సర్దుకుని కూర్చుంటారు. చెనిక్కాయల పొట్లం విప్పి, ‘తినప్పా’ అని పక్కవాడి ముందు పెడతారు. దాన్ని ఏ పేరుతో పిలిచినా రుచి ఒకటే.